నా గొంతు పోయిన కాలంలో నాకు తోడు నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

ప్రభువునందు ప్రియమైన సంఘస్థులకు, నల్లగొండలోని మా బంధుమిత్రులకు, నాతో కలిసి పనిచేసిన ఉపాధ్యాయులకు, నా దగ్గర చదువుకున్న పిల్లలకు, వారి తల్లిదండ్రులకు వందనాలు. నాకు థైరాయిడ్ ఆపరేషన్ జరిగిన నాటి నుంచి మీలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక రూపంలో మా ఇంటికి అండగా నిలిచారు. ఇంటింటికీ వచ్చి చెప్పుకోవలసిన కృతజ్ఞత ఇది. ఎక్కువసేపు మాట్లాడితే నా గొంతు ఇప్పటికీ అలసిపోతున్నందువల్ల రాసి తెలియజేస్తున్నాను. మీరు చేసిన సహాయం డబ్బు, అన్నం, తోడు వరకే ఆగలేదు. నేనెవరినో నాకే అర్థం కాకుండా పోయిన రోజుల్లో, దేవుని ఎదుట నేనెవరినో మీరు నాకు గుర్తు చేస్తూ వచ్చారు. ముఖ్యంగా ఆ సంగతి గురించే రాయాలని కూర్చున్నాను.

జరిగింది తెలియని వారి కోసం క్లుప్తంగా చెబుతాను. థైరాయిడ్ గ్రంథిలో గడ్డ ఏర్పడినందున ఆపరేషన్ చేయక తప్పలేదు. ఆ గ్రంథి వెనుక నుంచి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున, స్వరతంత్రులను కదిలించే రెండు సన్నని నరాలు వెళతాయి. ఎంత జాగ్రత్త పడినా వాటికి దెబ్బ తగిలే అవకాశం కొంత ఉంటుందని వైద్యులు ముందే వివరించారు, మేమూ తెలిసే సంతకం పెట్టాము. కాబట్టి ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు. నాకు ఎడమవైపు నరం పనిచేయడం ఆగిపోయింది. తలుపు రెండు రెక్కలూ దగ్గరికి వచ్చి మూసుకున్నట్లు స్వరతంత్రులు రెండూ కలిస్తేనే మాటకు బలం వస్తుంది. ఒకటి కదలకుండా ఉండిపోతే నడుమ సందు మిగిలి ఊపిరంతా గాలిగా పోతుంది. నాలుగు మాటలకే నాకు ఆయాసం వచ్చేది, వినిపించేది గుసగుస మాత్రమే. మంచినీళ్లు తాగినా పొలమారేది. నరం దానంతట అది కోలుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా పట్టవచ్చని, అప్పటివరకు శాశ్వత చికిత్సకు తొందరపడవద్దని చెప్పారు.

ఇరవై ఏళ్లకు పైగా తెలుగు టీచరుగా పనిచేసిన దానిని నేను. వారమంతా తరగతి గదిలో పద్యం రాగయుక్తంగా చదివి వినిపించేదానిని, ఆదివారం వస్తే ఆరాధనలో కీర్తన ఎత్తుకునేదానిని. బజారులో పిల్లలు దూరం నుంచే "టీచరమ్మా" అని కేకేసేవారు. సంఘంలో కొత్తవారికి నన్ను పరిచయం చేయవలసి వస్తే "పాటలు పాడే అమ్మ" అనేవారు. నా రెండు పేర్లూ నా గొంతులోనే ఉండేవి. సెలవులు అయిపోయాక జీతం ఆగింది. జూన్‌లో బడులు తెరిచినప్పుడు నా తరగతులు మరొకరికి ఇచ్చారు. తెలుగు పాఠం గుసగుసగా చెప్పడం కుదరదు కనుక వారి ఇబ్బంది నాకు అర్థమైంది. అయినా ఉదయం పూట పిల్లలు యూనిఫారాలతో మా వీధి వెంట వెళుతుంటే కిటికీ తలుపు వేసుకునేదానిని. ఆదివారం ఆరాధనలో వెనుక వరుసలో కూర్చుని, పాట మొదలు కాగానే పెదవులు కదపాలో మూసుకోవాలో తెలియక కీర్తనల పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయేదానిని. డబ్బు కష్టం కంటే ఇది లోతైన కష్టం. డబ్బు లేదని చెప్పుకోవడానికి మాటలు ఉంటాయి. తాను ఎవరన్నది చేజారిపోయిన మనిషి ఏమని చెప్పుకుంటుంది?

ఆ రోజుల్లో మా సంఘంలోని ఒక అవ్వ మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఆమె అనుమతి అడగలేదు కనుక పేరు రాయడం లేదు. సంఘంలో అందరూ ఆమెను ఎరుగుదురు. ఇంట్లో మా అమ్మాయి చిన్ననాటి పలక ఒకటి ఉంటే, దాని మీద రాసి చూపుతూ, తడిబట్టతో తుడుస్తూ నేను అందరితో మాట్లాడుతుండేదానిని. అవ్వకు చదువు రాదు. ఆమె ముందు నా పలకా పనికిరాలేదు, నా గొంతూ పనికిరాలేదు. ఆమె దానిని లెక్కే చేయలేదు. మంచం పక్కన కూర్చుని కొంగుముడిలో తెచ్చిన వక్కపలుకు నములుతూ, ఊళ్లో సంగతులన్నీ చెప్పి, చివరికి నా చేయి పట్టుకుని నా పేరు ఎత్తి ప్రార్థన చేసి వెళ్లేది. ఒకనాడు నేను ఆరాధనకు రాలేదని తెలిసి వచ్చి, నేను ఏడుస్తూ గొంతు వైపు చూపిస్తే, "పాట నేర్వకముందు నువ్వు ఎవరి బిడ్డవే? నువ్వు పాడితేనా ఆయన నిన్ను బిడ్డ అన్నది?" అని అడిగింది. జవాబు చెప్పలేని స్థితిలో ఉన్నందువల్ల ఆ ప్రశ్న నాలోనే ఉండిపోయింది, నేను దానిని చాలా రోజులు మోశాను.

ఆ ప్రశ్నతోనే బైబిలు మళ్లీ తెరిచాను. అంతకుముందు ఎన్నోసార్లు చదివిన భాగాలే, నా గొంతు మూగబోయాక వేరుగా కనిపించాయి. మొదటి సమూయేలు గ్రంథంలో హన్నా మందిరంలో ప్రార్థిస్తున్నప్పుడు ఆమె పెదవులు మాత్రమే కదిలాయని, స్వరం వినబడలేదని రాసి ఉంది. యాజకుడైన ఏలీ ఆమెను చూసి మత్తులో ఉన్నదనుకున్నాడు. మనుషులు పొరబడిన ఆ మౌనాన్ని దేవుడు ప్రార్థనగా విన్నాడు. లూకా సువార్తలో జెకర్యా మాట పడిపోయి ఉన్న కాలంలో, బిడ్డకు పేరు పెట్టే వేళ వ్రాతపలక అడిగి తెప్పించుకుని దాని మీద "యోహాను" అని రాశాడు. చేతిలో పలక పట్టుకుని ఆ భాగం చదివిన నాకు ఎంత ఓదార్పు కలిగిందో ఇక్కడ రాయలేను.

అన్నిటికంటే నన్ను నిలబెట్టింది యేసు బాప్తిస్మము తీసుకున్న సందర్భం. మత్తయి సువార్త 3వ అధ్యాయంలో పరలోకం నుంచి వచ్చిన స్వరం ఆయనను ప్రియ కుమారుడని పిలిచింది, ఆయనయందు తాను ఆనందిస్తున్నానని చెప్పింది. అప్పటికి ఆయన ఒక్క రోగినీ బాగుచేయలేదు, కొండమీద ప్రసంగం చేయలేదు, శిష్యులను పిలుచుకోలేదు. పని ఏదీ మొదలుకాకముందే తండ్రి ఆయనను తనవాడన్నాడు. ఆ తర్వాతి అధ్యాయంలోనే అరణ్యంలో శోధకుడైన సాతాను వేసిన మొదటి ప్రశ్న ఆ మాట మీదికే వచ్చింది: నీవు దేవుని కుమారుడవైతే ఈ రాళ్లను రొట్టెలు చేసి చూపించు అన్నాడు. ఏదో ఒకటి చేసి చూపిస్తేనే నువ్వు నువ్వు అన్న మాట నాకు కూడా ప్రతి ఉదయం చెవిలో వినిపిస్తూనే ఉండేది. యేసు ఏమీ చేసి చూపించలేదు, వాక్యాన్ని పట్టుకుని నిలబడ్డాడు. దేవుని పిల్లలమన్న హక్కు మనకు క్రీస్తునుబట్టి కలిగినది, మన పనినుబట్టి కలిగినది కాదని చిన్ననాటి నుంచి సండే స్కూలులో చెప్పుకున్నాము, నేనే పిల్లలకు చెప్పాను. జీతం, పాట, పలుకుబడి అన్నీ పక్కకు తప్పుకున్నాక ఆ మాట నా కాళ్ల కింద నేలయింది.

ఈ ధైర్యం మా ఇంట్లో కొత్తది కాదన్న సంగతి కూడా అప్పుడే గుర్తుకొచ్చింది. రష్యా నుంచి 1889లో మన దేశానికి వచ్చిన మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన మిషనరీలు అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు బాప్తిస్టు మిషను పక్షాన నల్లగొండలో పని ప్రారంభించారు. ఆ సేవ ద్వారా సువార్త అందిన పల్లెల్లో మా ముత్తవ్వ వారి ఊరు ఒకటి. అది నిజాం కాలం, వెట్టి సాగుతున్న కాలం. ఊరి వెలుపలి వాడలోని ఆడమనిషిని దొర ఇంటి వారు పేరుతో పిలిచేవారు కాదు, "ఒసేయ్" అంటే పరుగెత్తుకుని పోవాలి. బాప్తిస్మము రోజున పాదిరి గారు ఆమె పేరు అడిగి, పుస్తకంలో రాసుకుని, నలుగురి ముందు ఆ పేరుతో పిలిచారని మా నాయనమ్మ చెప్పేది. ఆ తర్వాత కూడా ముత్తవ్వ కూలికే పోయింది, పేదరికం ఒక్కనాటితో తీరలేదు, ఊరు ఆమెను చూసే చూపు వెంటనే మారలేదు. అయినా తన పేరు తెలిసినవాడు ఒకడున్నాడన్న నమ్మకంతో ఆమె తలెత్తుకుని బతికింది. యెషయా గ్రంథం 43వ అధ్యాయంలో "భయపడకుము, పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను, నీవు నా సొత్తు" అన్న మాట మా ఇంట్లో గోడ మీద ఎందుకు ఉంటూ వచ్చిందో నాకు ఇప్పుడు బాగా తెలిసింది. దేశాన్ని, దేవాలయాన్ని, రాజును పోగొట్టుకుని బబులోనులో చెరగా ఉన్న జనానికి చెప్పిన మాట అది. తామెవరో చెప్పుకోవడానికి వారి చేతిలో ఇంకేమీ మిగలలేదు.

నా పట్ల ప్రేమతోనే కొందరు, విశ్వాసం తక్కువైనందువల్లనే నాకు స్వస్థత ఆలస్యమవుతున్నదని చెప్పారు. వారి మనసు మంచిదని తెలిసినా, ఆ మాటతో నేను ఏకీభవించలేనని ఇక్కడ చెప్పడం అవసరమనుకుంటున్నాను, ఎందుకంటే మంచాన పడి ఉన్న మరొకరికి ఆ మాట చాలా బరువవుతుంది. పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, ప్రభువు కృప చాలునన్న జవాబు వచ్చింది. పౌలుది అల్పవిశ్వాసమని మనలో ఎవరమూ అనము.

ఇక మీకు చెప్పవలసిన కృతజ్ఞతలు. పాస్టరు గారికి, పాస్టరమ్మ గారికి: సాక్ష్యం చెప్పమని నన్ను ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు, పాటల బృందంలో నా కుర్చీ తీసివేయలేదు. స్త్రీల సమాజం అక్కలకు: వంతులు వేసుకుని మా ఇంటికి అన్నం పంపారు, పొలమారకుండా దిగేటట్లు జావ చిక్కగా కాచి తెచ్చారు, పత్తి ఏరే రోజుల్లో కూడా వంతు తప్పలేదు. కూలి పోగొట్టుకుని వచ్చిన వారున్నారని నాకు తర్వాత తెలిసింది. నా తోటి ఉపాధ్యాయులకు: పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి సాయంత్రాలు లెక్కలు, సైన్సు చెప్పి ఒక్క రూపాయి తీసుకోలేదు. మా పక్కింటి ఆపాకు: ఆస్పత్రిలో రాత్రుళ్లు నాకు తోడు పడుకున్నారు, రంజాన్ నెలలో ఉపవాసంతో ఉండి కూడా నాకు వేళకు తినిపించారు. నేను మీ ఇంటి ప్రార్థనల్లోనూ ఉన్నానని మీరు చెప్పిన మాట మరచిపోను.

హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆస్పత్రిలో నాకు మాటల శిక్షణ ఇచ్చిన అమ్మాయికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పాలి. గడ్డం ఛాతీ వైపు వంచి, తల బలహీనంగా ఉన్న ఎడమవైపుకు తిప్పి, చిన్న చిన్న గుక్కలుగా నీళ్లు మింగడం ఆమే నేర్పింది. రెండు అరచేతులు ఒకదానితో ఒకటి గట్టిగా నొక్కిపట్టి "ఆ" అని పలికించేది. మొదట్లో గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. వయసులో నాకంటే చాలా చిన్నదైన ఆ అమ్మాయి ప్రతిసారీ "మేడమ్, ఇప్పుడు మీరు నాకు పాఠం చెప్పండి" అని అడిగి, నా గుసగుసనే శ్రద్ధగా వినేది. నన్ను వంద కిలోమీటర్లు తీసుకుపోయి తీసుకొచ్చిన మా తమ్ముడికి, కొన్నిసార్లు ఆటో కిరాయి వద్దన్న నా పాత విద్యార్థికి నేను రుణపడి ఉన్నాను.

ఇప్పుడు నా గొంతు కొంత తిరిగి వచ్చింది. బొంగురుగా ఉంది, పై స్థాయి అందదు, కీర్తన ఎత్తుకోవడం ఇక కుదురుతుందో లేదో దేవుని చిత్తం. ఈ మధ్య పాటల బృందం వారి పక్కన కూర్చుని, చరణం మొదట్లో ఏ మాట వస్తుందో వారికి అందిస్తున్నాను. చదువు రాని పెద్దవారు కొందరు సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం మా ఇంటికి వచ్చి అక్షరాలు దిద్దుతున్నారు; పలక మీద రాసే పని కాబట్టి గొంతుకు శ్రమ లేదు. మా అవ్వ కూడా వస్తున్నది. తన పేరు తానే రాసుకోవాలని ఆమె కోరిక, సగం దాకా వచ్చింది.

నల్లగొండ, నకిరేకల్, దేవరకొండ, మిర్యాలగూడ వైపు ఎవరికైనా థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత మాట పోయి ఉంటే, ఏ మతం వారైనా సరే, మా సంఘంలో అడిగితే నా దగ్గరికి పంపిస్తారు. కోఠికి మొదటిసారి వెళ్లేటప్పుడు నేను తోడు వస్తాను, మింగే పద్ధతి, సాధన చేసే పద్ధతి చూపిస్తాను. వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన తర్వాత మా కుటుంబం తరఫున అందరికీ భోజనాలు ఏర్పాటు చేశాము. ఈ ఉత్తరంలో పేరు గాని, చేసిన మేలు గాని రాయకుండా పోయిన వారు ఎంతోమంది ఉన్నారు. మీరందరూ, పిల్లలతో సహా, తప్పక రావాలని నా భర్త, నా బిడ్డ, నేను కోరుకుంటున్నాము.