నిన్నటి గోల్ గురించి అందరికీ
అన్నలూ, తమ్ముళ్లూ, నిన్న ఎస్వీయూ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ పోయినప్పటి నుంచి అందరూ మన డిఫెండర్‌నే తిడుతున్నారు. మన గోల్‌కీపర్‌కి వెనక్కిచ్చే బ్యాక్‌పాస్ మెత్తగా కొట్టాడు, దాంతోనే గోల్ పడింది, నిజమే. కానీ అప్పటికే ఇద్దరు వాడి మీదికొచ్చేశారు, పాస్ ఇద్దామంటే దగ్గర్లో మనవాళ్లు ఒక్కరూ లేరు. మిడ్‌ఫీల్డ్ మొత్తం పైనే ఉండిపోయింది. ఫస్టాఫ్‌లో గోల్‌పోస్ట్ ముందు మనం పోగొట్టుకున్న ఛాన్సుల మాట ఎవరూ ఎత్తరేం?

1994 వరల్డ్ కప్‌లో కొలంబియా డిఫెండర్ ఆండ్రెస్ ఎస్కోబార్ సెల్ఫ్ గోల్ చేశాడు, అమెరికా 2-1తో గెలిచింది. అంతకుముందే ఆ జట్టు రొమేనియా చేతిలో 3-1తో ఓడింది. అయినా అందరికీ గుర్తున్నది ఆ ఒక్క గోలే. పది రోజులకు మెడెలిన్‌లో ఆయన్ని కాల్చి చంపారు.

మన డిఫెండర్‌ని తిడుతూ పెట్టిన ఆ వాయిస్ మెసేజ్‌లు దయచేసి డిలీట్ చేయండి. పిల్లోడు పొద్దుటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు. ఆదివారం ఆరింటికి ప్రాక్టీస్, మిడ్‌ఫీల్డర్లు తప్పకుండా రావాలి. వాడిని నేనే బండి మీద తీసుకొస్తా.