ఆర్లింగ్టన్ స్టేడియంలో మా వాడిని కాపాడిన ఆ ఇద్దరికి

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డల్లాస్ కౌబాయ్స్ ఆట చూడటానికి టెక్సస్‌లో ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియానికి వెళ్ళాం. ఇంజినీరింగ్‌లో ఒకే హాస్టల్ గదిలో ఉన్న నలుగురం, పద్దెనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ ఒక్కచోట కలిశాం. అక్కడ మాకు సాయం చేసిన ఇద్దరి పేర్లు కూడా అడగలేకపోయాను. వాళ్ళకి థాంక్స్ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాలో ఒకడికి చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటాడు. లోపలికి వెళ్ళగానే తినేయొచ్చనుకుని కారు దిగే ముందే ఇంజెక్షన్ వేసుకున్నాడు. స్టేడియం దాకా రైలు లేదు. ఎక్కడో పార్కింగ్ దొరికింది, అక్కణ్ణుంచి నడక, ఆ తర్వాత సెక్యూరిటీ లైను. తీరా లోపలికి అడుగుపెట్టాక తిండి మాటే మరిచిపోయాం. 2009లో వంద కోట్ల డాలర్లకు పైగా పోసి తెరిచిన స్టేడియం అది. 80,000 సీట్లు. పైకప్పును మోసే ఉక్కు ఆర్చీలు ఒక్కోటీ దాదాపు పావు మైలు పొడవు. మైదానం మీద వేలాడే స్క్రీన్ 160 అడుగుల పొడవు, 72 అడుగుల ఎత్తు. కింద ఆటగాళ్ళు పరిగెడుతున్నా కళ్ళు దాని మీదికే పోతాయి. ఫొటోలు తీసుకుంటూ, హాస్టల్ కబుర్లు చెప్పుకుంటూ సీట్లలో కూర్చున్నాం.

రెండో క్వార్టర్‌లో, అంటే ఆట నాలుగు భాగాల్లో రెండోదాంట్లో, వాడు మాట్లాడటం ఆపేశాడు. అంత చల్లటి ఏసీలో ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే మాట ముద్దముద్దగా వస్తోంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వెనక వరసలోని ఒక పెద్దావిడ ముందుకు వంగి, "ఇతనికి డయాబెటిస్ ఉందా?" అని అడిగారు. ఆవిడ రిటైరైన నర్సు. ఇన్సులిన్ వేసుకుని ఏమీ తినకపోవడంతో వాడి రక్తంలో షుగర్ బాగా పడిపోయిందని పట్టేశారు. షుగర్ చూసే మెషీన్ ఉన్న బ్యాగు కారులోనే ఉండిపోయింది. లోపలికి పారదర్శకమైన బ్యాగులే రానిస్తారని చదివి వదిలేశాం. వైద్య అవసరాలకు మినహాయింపు ఉందని, తనిఖీ చేసి పంపిస్తారని తర్వాత తెలిసింది. షుగర్ ఉన్నవాళ్ళతో వెళ్ళేవారు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, మందుల బ్యాగు వదిలి వెళ్ళకండి.

"డైట్ వద్దు, చక్కెర ఉన్న మామూలు కూల్‌డ్రింక్ కావాలి, వెంటనే" అన్నారు ఆవిడ. మా కంగారు విని ముందు వరసలో ఒక తెలుగు కుర్రాడు లేచాడు. "అన్నా, నేను తెస్తా, మీరు ఆయన దగ్గరే ఉండండి" అంటూ మెట్ల మీద పరిగెత్తాడు. కూల్‌డ్రింక్‌తో పాటు ఫస్ట్ ఎయిడ్ వాళ్ళని కూడా వెంటబెట్టుకొచ్చాడు.

ఈలోపు టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటిస్తే వచ్చే పెద్ద స్కోరు) పడింది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది, పక్కవాడి మాట వినపడని హోరు. ఆవిడ మైదానం వైపు వీపు పెట్టి మా వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. అంత పెద్ద స్క్రీన్ మీద రీప్లే వేస్తున్నా ఒక్కసారి కూడా తల తిప్పలేదు. గుటక పడుతోందో లేదో చూసుకుంటూ కొంచెం కొంచెంగా తాగించారు. పావుగంట తర్వాత మళ్ళీ పరీక్షించి, షుగర్ పెరిగిందని ఫస్ట్ ఎయిడ్ వాళ్ళు చెప్పాకే లేచారు. "ఇప్పుడు కడుపు నిండా తినిపించండి" అని వాడి భుజం తట్టి తన సీట్లోకి వెళ్ళిపోయారు.

అమ్మా, మీకు తెలుగు రాదు. ఈ సంగతంతా ఇంగ్లీషులో రాసి, మా సీట్ల నంబర్లతో స్టేడియం వాళ్ళకి పంపాను. మీకు అందాలని గట్టిగా కోరుకుంటున్నాను.

తమ్ముడూ, డబ్బులివ్వబోతే "డబ్బులేంటన్నా" అని చెయ్యి వెనక్కి నెట్టేశావు. నీ టచ్‌డౌన్ మా వల్ల పోయింది. ఇది చూస్తే ఒక్క మెసేజ్ పెట్టు. మా వాడు బాగున్నాడు, నీతో మాట్లాడాలని రోజూ అడుగుతున్నాడు.