జవాబు ఒప్పే, లెక్క చేసిన తీరు తప్పు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ క్రీడల పేజీలో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్, జమైకా పరుగు వీరుడు ఉసేన్ బోల్ట్ ఇద్దరిలో ఎవరు గొప్ప అని ఒక వ్యాసం వేశారు. ఒకవైపు 23 ఒలింపిక్ స్వర్ణాలు, ఇంకోవైపు 9 స్వర్ణాలు అని పట్టిక గీసి, 23 పెద్దది కాబట్టి ఫెల్ప్సే గొప్ప అని తేల్చేశారు. నేను మలక్‌పేట వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పీఈటీని, పిల్లలకి పీటీ సార్‌ని. మా లెక్కల సార్ పేపర్లు దిద్దేటప్పుడు ఒక మాట అంటుంటారు, జవాబు ఒప్పే గానీ లెక్క చేసిన తీరు తప్పు అని. మీ వ్యాసం చదివాక నాకు ఆ మాటే గుర్తొచ్చింది. పైగా అందులో ఒక అంకె కూడా తప్పు పడింది, దాని సంగతి చివర్లో చెప్తాను.

నాకు ఈ ఇద్దరి మీదా ఇంత పట్టింపు ఎందుకంటే, ఇద్దరినీ ఒకే రోజు చూశాను. 2008 ఆగస్టు 16, శనివారం, రాఖీ పండుగ. చెల్లెలు పొద్దున్నే వచ్చింది. ఏడున్నర దాటాక టీవీలో బీజింగ్ ఒలింపిక్స్ ఈత, వంద మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్. సగం దూరం తిరిగేసరికి ఫెల్ప్స్ ఏడో స్థానంలో ఉన్నాడు, అయిపోయిందిలే అనుకున్నాం. చివర్లో సెర్బియా ఈతగాడు చావిచ్ చేతులు చాపి గోడ వైపు జారిపోతుంటే, ఫెల్ప్స్ మాత్రం ఇంకో బార వేసి గోడని గుద్దాడు. ఫెల్ప్స్ 50.58, చావిచ్ 50.59. సెకనులో నూరో వంతు! రాఖీ కట్టించుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది నాకు. అదే రోజు రాత్రి ఎనిమిదింటికి వంద మీటర్ల పరుగు ఫైనల్. బోల్ట్ షూ లేసు ఊడిపోయి ఉంది, గీత ఇంకా కొన్ని మీటర్ల దూరంలో ఉండగానే చేతులు చాపి, గుండె మీద చరుచుకుంటూ దాటాడు, అయినా 9.69, ప్రపంచ రికార్డు. రెండో స్థానంలో వచ్చిన రిచర్డ్ థాంప్సన్ 9.89. వంద మీటర్ల ఫైనల్లో అంత తేడా అంటే ఏమిటో పరిగెత్తినవాళ్లకి తెలుస్తుంది. ఒకడు నూరో వంతుతో గెలిచాడు, ఇంకొకడు గెలిచాక కూడా ఇంకా మిగిలే ఉన్నాడు. ఆ రోజు మీరు నన్ను అడిగి ఉంటే బోల్ట్ అనే చెప్పేవాణ్ణి, ఆలోచించకుండా.

ఇప్పుడు లెక్క దగ్గరికి వద్దాం. ఫెల్ప్స్ బీజింగ్‌లో ఎనిమిది ఈవెంట్లలో దిగాడు, ఎనిమిదీ గెలిచాడు, 1972లో అమెరికా ఈతగాడు మార్క్ స్పిట్జ్ సాధించిన ఏడు స్వర్ణాల రికార్డు దాటాడు. బోల్ట్ దిగినవి మూడే: వంద, రెండు వందలు, రిలే. ఇంకా ఎక్కువ ఎందుకు దిగలేదు అని అడగడం తేలికే. నేను కాలేజీ రోజుల్లో రెండు వందల మీటర్లు జిల్లా తరఫున పరిగెత్తాను, ఒకసారి పొద్దున హీట్స్ (తొలి రౌండు పోటీలు), మధ్యాహ్నం సెమీస్ పరిగెత్తేసరికి సాయంత్రం ఫైనల్లో మలుపు దగ్గర తొడ వెనక కండరం పట్టేసింది, మూడు నెలలు నడవడమే కష్టమైంది. స్ప్రింట్‌లో, అంటే పొట్టి దూరం పరుగులో, ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి ఎన్నో రెట్లు నేల మీద పడుతుంది, అదంతా కాలి కండరాలే భరించాలి. నీళ్లలో ఒంటి బరువుని నీళ్లే మోస్తాయి. ఈతలో అలసట తక్కువ అని నా ఉద్దేశం కాదు, అలసిపోతారు, ఊపిరి అందదు, కానీ కండరం పుటుక్కున తెగిపోదు, రెండు గంటలు ఆగి మళ్లీ దూకొచ్చు. అందుకే బీజింగ్‌లో ఫెల్ప్స్ హీట్స్‌తో కలిపి తొమ్మిది రోజుల్లో 17 సార్లు ఈదగలిగాడు. ఏ స్ప్రింటర్‌తోనూ అది కాదు.

మన సింధునే తీసుకోండి. బ్యాడ్మింటన్ సింగిల్స్ ఆడే అమ్మాయికి ఒక ఒలింపిక్స్‌లో ఒక్కటే పతకం దక్కే అవకాశం. రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, పారిస్‌లో ముందే ఓడింది. మూడు అవకాశాలు, రెండు పతకాలు. మీ పట్టిక ప్రకారమైతే ఒకే ఒలింపిక్స్‌లో మూడు రిలే పతకాలు తెచ్చుకున్న ఈతగాడి ముందు సింధు దిగదుడుపు అవ్వాలి. గచ్చిబౌలి అకాడమీలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రాక్టీస్ చేసే ఏ పిల్లకైనా ఆ లెక్క చూపించగలమా? సిడ్నీలో బరువులెత్తి మన దేశానికి మొట్టమొదటి మహిళా ఒలింపిక్ పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరికి దొరికింది కూడా ఒక్క ఈవెంటే. కాబట్టి 23, 9 పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో చూడటం మామిడిపళ్లనీ గుమ్మడికాయల్నీ కాయల లెక్కన అమ్మినట్టే ఉంటుంది.

మా లెక్కల సార్ బోల్ట్ పక్షం. ఆయన వాదన చాలా గట్టిది, దానికి నేను ఇప్పటికీ పూర్తిగా జవాబు చెప్పలేను. ఈ భూమ్మీద పుట్టిన ప్రతి పిల్లవాడూ ఏదో ఒక రోజు పక్కింటి పిల్లవాడితో పందెం వేసుకుని పరిగెత్తే ఉంటాడు, అంటే బోల్ట్ గెలిచింది అందరి మీద. ఈత కొలను చూసిన పిల్లలు ఎంతమంది, అంటారాయన. నిజమే. మా నాన్న నడుముకి బెండ్లు కట్టుకుని ఊరి బావిలో ఈత నేర్చుకున్నాడు, నేనూ అంతే, కానీ మా స్కూల్లో ఈరోజు ఈత వచ్చిన పిల్లలు పదిమంది కూడా లేరు. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో కట్టిన కొలను మాకు ఇరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది, రెండు బస్సులు మారాలి, ఏ తల్లి పంపుతుంది? అదే పరుగైతే మా ఇరుకు గ్రౌండ్‌లోనే సున్నం గీత గీసి మొదలుపెట్టొచ్చు. జమైకా అంత చిన్న దేశం, మన హైదరాబాద్ జనాభాలో సగం కూడా ఉండదు, అక్కడ స్కూలు పిల్లల పరుగు పోటీలు 1910 నుంచి జరుగుతున్నాయి, చాంప్స్ అంటారు, వాటికి నేషనల్ స్టేడియం నిండిపోతుంది. ట్రెలానీ అనే పల్లె ప్రాంతం నుంచి వచ్చిన బోల్ట్ అలాంటి స్కూలు మీట్ల నుంచే పైకొచ్చాడు, 15 ఏళ్లకే కింగ్‌స్టన్‌లో ప్రపంచ జూనియర్ రెండు వందలు గెలిచాడు. వెన్నెముక వంకర ఉన్న మనిషి, 1.95 మీటర్ల పొడుగు, అంత పొడుగువాడు బ్లాక్స్ నుంచి లేవడమే ఆలస్యం అని అందరూ అనుకునే చోట 41 అంగల్లో వంద మీటర్లు దాటేశాడు. 2009లో బెర్లిన్‌లో పెట్టిన ప్రపంచ రికార్డులు, వంద మీటర్లలో 9.58, రెండు వందల్లో 19.19, ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఫెల్ప్స్ వ్యక్తిగత రికార్డులు మాత్రం ఒక్కొక్కటీ పోయాయి, చివరిగా మిగిలిన 400 మెడ్లీ (నాలుగు రకాల ఈతలూ కలిసిన పోటీ) రికార్డుని 2023లో ఫ్రాన్స్ కుర్రాడు లియోన్ మార్షాన్ కొట్టేశాడు, అతనికి కోచ్ ఎవరనుకున్నారు, ఫెల్ప్స్‌ని తయారుచేసిన బాబ్ బౌమనే.

ఇంత చెప్పాక కూడా నేను ఫెల్ప్స్ అనే ఎందుకు అంటున్నానో చెప్తాను.

ఒక ఆటలోవాణ్ణి ఆ ఆటలోని మిగతావాళ్లతోనే కొలవాలి. ఈతలో పతకాలు చౌక, ఎవరైనా ఏరుకోవచ్చు అనుకుంటే, ఫెల్ప్స్ తర్వాతి ఈతగాడికి కనీసం 18, 20 స్వర్ణాలు ఉండాలి కదా? లేవు. స్పిట్జ్‌కి 9, కేటీ లెడెకీకి 9. అవే ఈవెంట్లు, అవే అవకాశాలు, అందరికీ తెరిచే ఉన్నాయి. అందులో వ్యక్తిగత స్వర్ణాలు మాత్రమే తీసుకున్నా ఫెల్ప్స్‌కి 13. మిగతా పది రిలేలవి, వాటిలో తోటివాళ్ల చలవ ఉంది, బీజింగ్‌లో 4x100 ఫ్రీస్టైల్ చివరి అంచెలో జట్టులోని జేసన్ లీజాక్ ఫ్రాన్స్ వాణ్ణి దాటకపోతే ఎనిమిది అనే మాటే లేదు. ఆ 13 చాలు నాకు. స్ప్రింట్‌లో బోల్ట్‌కీ అతని తర్వాతివాడికీ మధ్య ఉన్న దూరం కంటే ఈతలో ఈ దూరం చాలా ఎక్కువ. పట్టిక గీయాలంటే ఈ పట్టిక గీయండి.

కానీ నన్ను మార్చింది ఇది కూడా కాదు. ఒక్క ఈవెంట్, రెండు వందల మీటర్ల బటర్‌ఫ్లై. పిల్లలకి ఫెల్ప్స్ గురించి చెప్పాల్సి వస్తే నేను ఎనిమిది స్వర్ణాల కథ చెప్పను, ఇదే చెప్తాను. బటర్‌ఫ్లై అంటే రెండు చేతులూ ఒకేసారి నీళ్లలోంచి లేపాలి, యాభై మీటర్లకే భుజాలు రాళ్లవుతాయి, అలాంటిది నాలుగు సార్లు యాభై. 2000 సిడ్నీలో 15 ఏళ్ల పిల్లవాడిగా దిగి ఐదో స్థానంలో వచ్చాడు, ఏ పతకమూ లేదు. ఆర్నెల్లు తిరిగేసరికి అదే ఈవెంట్లో ప్రపంచ రికార్డు. 2004 ఏథెన్స్‌లో స్వర్ణం. 2008 బీజింగ్‌లో దూకగానే గాగుల్స్‌లోకి నీళ్లు చేరాయి, పోనుపోను నిండిపోయి చివరికి గోడ కూడా కనపడలేదు. బారలు లెక్కపెట్టుకుంటూ ఈదాడు, ఎన్నో బారకి గోడ వస్తుందో ఒంటికి తెలుసు కాబట్టి. 1:52.03, అదీ ప్రపంచ రికార్డే. బౌమన్ అంతకు ముందెప్పుడో ఒక పోటీ ముందు కావాలనే ఇతని గాగుల్స్ తొక్కి పగలగొట్టాడు, అలాంటిది జరిగినా ఈదగలగాలని. కోచ్‌గా నాకు ఆ పని చేసే ధైర్యం లేదు, పిల్లవాడి ముఖం చూసి ఆగిపోతాను.

2012 లండన్‌లో అదే ఈవెంట్లో ఓడిపోయాడు. చివర్లో గోడ వైపు జారిపోయాడు, బీజింగ్‌లో చావిచ్ చేసిన పొరపాటే, దక్షిణాఫ్రికా కుర్రాడు చాడ్ లె క్లో 0.05 సెకన్లతో ముందు తగిలాడు. ఆ తర్వాత రిటైరయ్యాడు, తిరిగొచ్చాడు, 2014లో తాగి కారు నడిపి అరెస్టయ్యాడు, ఆరు నెలలు నిషేధం పడింది, చికిత్సకి వెళ్లాడు. డిప్రెషన్‌తో బతకాలనే లేని రోజులు ఉన్నాయని తర్వాత బయటికే చెప్పాడు. ఇంత సాధించిన మనిషి ఆ మాట చెప్పడానికి ఎంత గుండె కావాలో, ఇంట్లో ఎవరికైనా ఆ బాధ ఉన్నవాళ్లకి తెలుస్తుంది. 2016 రియోలో 31 ఏళ్ల వయసులో మళ్లీ అదే రెండు వందల బటర్‌ఫ్లైలో దిగాడు. గెలిచాడు. తేడా 0.04. గంటన్నర తిరక్కముందే రిలేలో ఇంకో స్వర్ణం. ఐదో స్థానం, స్వర్ణం, స్వర్ణం, రజతం, స్వర్ణం, పదహారేళ్లు ఒకే ఈవెంట్. మీ పట్టికలో ఆ ఐదో స్థానానికి గడే లేదు!

ఇక తప్పు పడిన అంకె. బోల్ట్‌కి స్వర్ణాలు 9 కాదు, 8. 2008 బీజింగ్ 4x100 రిలేలో జమైకా గెలిచింది, బోల్ట్ మూడో అంచె పరిగెత్తాడు. ఆ జట్టులోని నెస్టా కార్టర్ శాంపిల్‌ని ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే నిషేధిత పదార్థం దొరికింది, 2017 జనవరిలో ఒలింపిక్ కమిటీ జట్టు మొత్తం స్వర్ణాన్ని రద్దు చేసింది, కార్టర్ అప్పీలు కూడా 2018లో కొట్టేశారు. అందులో బోల్ట్ తప్పు ఇసుమంత లేదు, మూడు ఒలింపిక్స్‌లో మూడేసి చొప్పున దిగినవన్నీ గెలిచిన మనిషికి తనది కాని తప్పుకి ఒకటి పోయింది. అందుకే 9 అని రాయడం చిన్న పొరపాటుగా వదిలేయలేకపోయాను, 8 అని రాసి ఎందుకో రెండు ముక్కలు చెప్తేనే అతనికి న్యాయం.

ఇంకో సంగతి. మా తొమ్మిదో తరగతి పిల్లలు మీ వ్యాసం కత్తిరించి నోటీసు బోర్డుకి అంటించారు. నేను 9ని ఎర్ర ఇంకుతో కొట్టేసి 8 అని దిద్దాను. 'పేపర్లో అలా లేదు కదా సార్' అంటున్నారు, కొందరైతే మా లెక్కల సార్‌నే అడిగొచ్చారు. వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి, దాని పక్కనే అంటిస్తాను.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
మలక్‌పేట, హైదరాబాద్.