తెర నిండా బొమ్మ రావాలంటే

సంపాదకులకు,

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు తెలుగు సినిమాలు ఆడే కొన్ని పాత హాళ్లలో స్కోప్ బొమ్మ, అంటే బాగా వెడల్పుగా తీసిన సినిమా బొమ్మ, తెర మధ్యన చిన్నదిగా పడుతోంది. నాలుగు వైపులా నలుపే. సినిమా అంతేనేమో అని జనం సర్దుకుపోతున్నారు. చాలాసార్లు కారణం ఒక్కటే: ప్రొజెక్టర్ ఫ్లాట్ ప్రీసెట్‌లో, అంటే తక్కువ వెడల్పు బొమ్మకు ముందే చేసిపెట్టిన సెట్టింగులో, ఉండిపోవడం.

ఈ తెరలు స్కోప్ కొలతకు కట్టినవి. ఎత్తు 1 అయితే వెడల్పు 2.39. అంటే 40 అడుగుల తెరకు ఎత్తు దాదాపు 16 అడుగుల 9 అంగుళాలు. ఫ్లాట్ కొలత 1.85 కాబట్టి అదే ఎత్తులో 31 అడుగులే పడుతుంది. అప్పుడు రెండు పక్కలా నాలుగున్నర అడుగుల చొప్పున నల్ల పరదా మూయాలి. ఆ సెట్టింగులోనే స్కోప్ సినిమా వేస్తే బొమ్మ ఎత్తు 13 అడుగులకు పడిపోతుంది. చూడాల్సిన బొమ్మలో నూటికి 40 వంతులు గల్లంతు! తిరగేసి, ఫ్లాట్ సినిమాను స్కోప్ ప్రీసెట్‌లో వేస్తే తలలు తెర దాటి గోడ మీదికి పోతాయి.

రీళ్ల రోజుల్లో ఈ తప్పు దాగేది కాదు. ఫిల్మ్ మీద స్కోప్ బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి ఉంచేవారు. ఆ నొక్కిన బొమ్మను మళ్లీ వెడల్పు చేసే అనమార్ఫిక్ లెన్సు తగిలించకపోతే మనుషులు తాటిచెట్లలా సాగేవారు, హాలంతా కేకలే. ఇప్పుడు బొమ్మ వికారంగా మారదు, చిన్నదవుతుందంతే. అందుకే ఎవరూ అడగరు. తెలుగులో తొలి సినిమాస్కోప్ 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’, మన పక్క మన్యం కథే. కొండల్నీ జనాన్నీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూపడానికే ఆ వెడల్పు.

ఎక్కువగా పొరపాటు జరిగేది ప్రకటనల దగ్గర. అవి ఫ్లాట్‌లో వస్తాయి. అవి ముగిసిన చోట ప్లేలిస్టులో స్కోప్‌కి మారమనే ఆదేశం (క్యూ) పెట్టకపోతే సినిమా కూడా అందులోనే నడిచిపోతుంది. డిజిటల్ కాపీ పేరులోనే ఎస్ అని ఉంటే స్కోప్, ఎఫ్ అని ఉంటే ఫ్లాట్. ఆపరేటర్లు మొదటి ఆటకు ముందు ఆ అక్షరం చూసి, రెండు నిమిషాలు నడిపి అంచులు సరిచూసుకోవాలి.

ప్రేక్షకులు కూడా టైటిల్స్ పడుతుండగానే క్యాబిన్‌కు కబురు పెట్టాలి. మోటారుతో కదిలే లెన్సు ఉన్నచోట ఆట ఆపకుండానే సరిచేయవచ్చు. పేరులో ఎఫ్ ఉండి, బొమ్మ పైనా కిందా నల్లపట్టీలతో వస్తే మాత్రం తేడా కాపీలోనే ఉన్నట్టు. అది డిస్ట్రిబ్యూటర్‌ను అడగాల్సిన మాట.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా