కొత్త ఫైబర్ కనెక్షన్‌తో పాటు కొలతల చీటీ కూడా ఇవ్వాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఇంటికి కొత్తగా ఫైబర్ నెట్ పెట్టించుకున్నవాళ్ల నోట తరచుగా వినిపించే మాట, "రెండొందలన్నారు, నలభై కూడా రావట్లేదు" అని. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమంటారు. లైన్‌మ్యాన్ వస్తే ఫైబర్ వచ్చి కలిసే బాక్సు పక్కన నిలబడి తన ఫోన్లో స్పీడ్ టెస్ట్ చేసి, "మా వైపు బానే ఉందండీ" అని వెళ్లిపోతాడు. కనెక్షన్ ఇచ్చిన రోజు లైను ఎలా ఉందో చూపించే కాగితం ఇద్దరి దగ్గరా ఉండదు కాబట్టి వాదన అక్కడే ఆగిపోతుంది. కరెంటు మీటరు బిగిస్తే తొలి రీడింగ్ రాసుకుంటారు. ఫైబర్‌కు ఆ పాటి పద్ధతి కూడా లేదు. ప్రతి కొత్త కనెక్షన్‌కూ కొలతల చీటీ తప్పనిసరి చేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ని కోరుతున్నాం. అందులో ఏముండాలో తెలియాలంటే స్పీడు ఎక్కడెక్కడ పోతుందో ముందు చూడాలి.

కొన్ని ఫిర్యాదులు లెక్క దగ్గరే తేలిపోతాయి. ప్లాన్‌లో చెప్పే 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు, ఫైలు దిగేటప్పుడు కంప్యూటర్ చూపించేది మెగాబైట్లలో. బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే 12.5. సెకనుకు 11, 12 మెగాబైట్లు దిగుతుంటే ఆ లైనుకు ఏ జబ్బూ లేదు.

అసలు పరీక్ష వైఫైతో కాదు, వైరుతో చేయాలి. ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా కంపెనీ బిగించిన బాక్సుకే కలపాలి. ల్యాప్‌టాప్‌లో వైఫై, వీపీఎన్ ఆపేయాలి. టీవీ, ఫోన్లు, సీసీ కెమెరాలు కాసేపు నెట్ వాడకుండా చూసుకోవాలి. అప్పుడు స్పీడ్ టెస్ట్ చేసి అంకెతో పాటు ఏ సర్వర్‌తో కొలిచిందో కూడా రాసుకోవాలి. యాప్‌లు చాలాసార్లు మీ కంపెనీ సొంత సర్వర్‌నే ఎంచుకుంటాయి. అక్కడ నిండుగా వచ్చి, వేరే నెట్‌వర్క్‌లోని సర్వర్‌తో సగమే వస్తే లోపం మీ ఇంట్లో లేదు, కంపెనీ బయటి ప్రపంచంతో కలిసే చోట ఉంది.

వైరుతో కొలిచినా 93, 94 దగ్గరే ఆగిపోయి, ఎన్నిసార్లు చేసినా కదలకపోతే ఫైబర్‌ను అనుమానించనక్కర్లేదు. ఎక్కడో ఒకచోట లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోయిందన్నమాట. విండోస్‌లో ఈథర్‌నెట్ సెట్టింగ్స్ తెరిస్తే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. అక్కడ 1000 ఉండాల్సింది 100 అని ఉంటే కేబుల్ కొస పట్టుకుని వెలుతురులో చూడండి. పారదర్శకంగా ఉండే ఆ ప్లగ్గులో ఎనిమిది తీగలు వరసగా కొసదాకా వచ్చి ఉండాలి. నారింజ, ఆకుపచ్చ జతలు మాత్రమే బిగించి నీలం, గోధుమ జతలు కత్తిరించేసిన కేబుళ్లు ఊళ్లో కోకొల్లలు. 100 ఎంబీపీఎస్‌కు నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ఒక్క తీగ సరిగా నొక్కుకోకపోయినా ఇదే జరుగుతుంది. కేబుల్ బాగుంటే బాక్సునే అనుమానించాలి. 200 ప్లాన్ అమ్మి, 100 దాటని పోర్టులున్న బాక్సు బిగించి వెళ్లడం మోసమనే మేమంటాం. అది తెలియక జరిగినా సరే, బాక్సు మార్చి ఇవ్వాల్సింది వాళ్లే.

వైరుతో నిండుగా వచ్చి వైఫైలో రాకపోతే సమస్య ఇంట్లోదే. ఫోను వైఫైలోని 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉంటే, ఒక్క యాంటెన్నా ఉన్న పాత ఫోనుకు 20 మెగాహెర్ట్జ్ చానల్లో కాగితం మీదే 72 ఎంబీపీఎస్, చేతికొచ్చేది అందులో సగం. అపార్ట్‌మెంట్లో పక్కవాళ్ల రౌటర్లన్నీ అదే చానల్లో ఉంటే అదీ దక్కదు. 1, 6, 11 చానళ్లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోవాలి. అంతకంటే నయం 5 గిగాహెర్ట్జ్‌కు మారడం. అయితే అది గోడలను అంత బాగా దాటలేదు. లైన్‌మ్యాన్‌కు స్తంభం నుంచి ఇంటికొచ్చే డ్రాప్ కేబుల్ ఎక్కడ లోపలికొస్తే అక్కడే బాక్సు పెట్టడం సులువు. అందుకే అది గుమ్మం పైనో టీవీ వెనకో చేరుతుంది, పడగ్గదికి రెండు గోడలు, ఒక ఇనుప బీరువా అడ్డం. ఇంకో నాలుగు మీటర్ల కేబుల్ అడిగి ఇంటి మధ్యలో పెట్టించుకోవడం మొదటి రోజే జరగాలి. తర్వాత అడిగితే దానికీ చార్జీ వేస్తారు.

ఇక ఫైబర్‌లో వచ్చే లైటు సంగతి. ఇళ్లకిచ్చే ఫైబర్ ఎక్కువగా ఒకే లైనును చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిది. లైటు బలాన్ని డీబీఎంలో, దారిలో పోయేదాన్ని డీబీలో కొలుస్తారు; మైనస్ అంకె పెరిగినకొద్దీ లైటు తగ్గినట్టు. కంపెనీ దగ్గర లైటు ప్లస్ 3 డీబీఎంతో బయలుదేరిందనుకుందాం. ఒక లైనును 32 ఇళ్లకు పంచే స్ప్లిటర్లే దాదాపు 17 డీబీ మింగేస్తాయి. ఫైబర్‌లో కిలోమీటరుకు పోయేది పావు డీబీ మాత్రమే. కనెక్టర్లు, జాయింట్లు కలిపి ఇంకో రెండు మూడు. అంటే ఇంట్లో మైనస్ 18 నుంచి 22 దాకా కనిపించడం సహజం. మామూలు బాక్సుకు హద్దు మైనస్ 27. మీ దగ్గర మైనస్ 26 చూపిస్తే దారిలో ఎక్కడో నాలుగైదు డీబీ కారిపోతోందని అర్థం. ఇక్కడ చాలామంది పొరబడతారు: మైనస్ 19 ఉన్నా 24 ఉన్నా స్పీడు ఒక్కటే. లైటు తగ్గినకొద్దీ స్పీడు తగ్గదు. హద్దు దగ్గరికి వచ్చాకే డేటా ముక్కలు (ప్యాకెట్లు) పోవడం, డౌన్‌లోడ్ ఆగి ఆగి నడవడం, చివరికి లైటు అందట్లేదని చెప్పే ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా మెరవడం మొదలవుతాయి. 24 దగ్గర ఉన్నదాన్ని "బానే ఉంది" అని వదిలేస్తే మరో రెండు మూడు డీబీ పోగానే ఆ స్థితికి వస్తుంది.

డీబీలు పోయే చోట్లు తెలిసినవే. తలుపు సందులో నలిగిన కేబుల్, మూల దగ్గర మరీ బిగువుగా వంచి మేకు కొట్టినది, చేత్తో బిగించిన ఫాస్ట్ కనెక్టర్, కొసన దుమ్ము. ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం దానికి కలిపితే కొసల కోణం కలవక ఇంకొన్ని డీబీలు పోతాయి. కొసను చొక్కా అంచుతో తుడవకూడదు, వెలుగుతోందా అని కంటితో అసలే చూడకూడదు. అందులో వచ్చేది కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. స్తంభాల మీద సంగతి వేరు. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించినప్పుడు లైన్లు హడావిడిగా మళ్లీ కలపాల్సి వచ్చింది. మెషీన్‌తో ఫైబర్ కొసలు అతికే స్ప్లైసింగ్‌లో పోయేది 0.1 డీబీ లోపే, తొందరపాటు జాయింటులో దానికి ఎన్నో రెట్లు. పాత రీడింగ్ లేకపోతే ఆ తేడా కనిపెట్టేదెలా?

వైరుతో కొలిచినా పొద్దున ఆరింటికి నిండుగా వచ్చి, రాత్రి తొమ్మిదింటికి సగమైతే మాత్రం మీ ఇల్లు గాని, ఫైబర్ గాని కారణం కాదు. జీపాన్‌లో కంపెనీ వైపు ఒక పోర్టు నుంచి ఇళ్లకు వచ్చేది మొత్తం సెకనుకు 2.488 గిగాబిట్లు. 32 ఇళ్లవాళ్లూ ఒకేసారి లాగితే తలా 78 ఎంబీపీఎస్ దాటదు. అందరూ ఒకేసారి లాగరు కాబట్టి 200 ప్లాన్ అమ్మడం తప్పేమీ కాదు. 64 ఇళ్లు ఎక్కించి, ఆపైన ఆపరేటర్ కొనే బ్యాండ్‌విడ్త్ పెంచకుండా కనెక్షన్లు పెంచుకుంటూ పోవడమే తప్పు. రెండు వేళల్లో వైరుతో తీసిన నాలుగైదు రోజుల కొలతలు చేతిలో ఉంటే ఇది బయటపడుతుంది.

ప్లాన్ మార్చినా కంపెనీ సిస్టంలో పాత స్పీడే ఉండిపోవడం ఇంకొకటి. అందుకే చీటీ మీద ప్లాన్ పేరు కాదు, సిస్టంలో ఎక్కించిన అంకె కావాలి. అన్‌లిమిటెడ్ అని పిలిచే ఎన్నో ప్లాన్లకు నెలకు 3300 జీబీ హద్దు ఉంటుంది. హద్దు ఎంతో, దాటాక స్పీడు ఎంతో స్పష్టంగా చెప్పాలని ట్రాయ్ 2016లోనే ఆదేశించింది. చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటే చెప్పినట్టు కాదు.

కాబట్టి చీటీలో ఉండాల్సినవి ఇవి: బాక్సు దగ్గర లైటు రీడింగ్, వైరుతో కొలిచిన స్పీడు, సర్వర్ పేరు, బాక్సు పోర్టుల వేగం, సిస్టంలోని స్పీడు, నెలవారీ హద్దు, తేదీ, ఇద్దరి సంతకాలు. లైటు కొలిచే పవర్ మీటరు టెక్నీషియన్ సంచీలో ఉంటుంది, బిగించేటప్పుడు ఎలాగూ చూస్తాడు. ఆ అంకె రాయడానికి అర నిమిషం చాలు. బాక్సు లోపలి పేజీలో కూడా ఈ రీడింగ్ కనిపిస్తుంది గాని చాలా కంపెనీలు దానికి పాస్‌వర్డ్ పెట్టి తాళం వేస్తాయి. సెట్టింగులు మార్చనివ్వకపోతే మానె, చూడనైనా చూడనివ్వాలి. 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ అనడానికి కనీస డౌన్‌లోడ్ స్పీడును 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. 200 కొన్నవాడికి ఆ రెండుతో ఒరిగేదేమీ లేదు. కొన్నదానిలో ఎంత రావాలన్నదే అసలు ప్రశ్న.

ఈలోగా పాఠకులు చేయగలిగింది ఉంది. ఫోన్లో చెప్పి వదిలేయకుండా ఫిర్యాదుకు డాకెట్ నంబరు తీసుకోండి. జవాబు సరిగా రాకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి కొలతలు జతచేసి రాయండి. దీనికి అవకాశం కల్పించింది 2012 నాటి ట్రాయ్ నిబంధనలే. ట్రాయ్ విడి ఫిర్యాదులు విచారించదు కాబట్టి దానికి రాసి ఎదురుచూడొద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇట్లు,
నెట్‌వర్క్ పనుల్లో ఉన్న కొందరు సాంకేతిక సిబ్బంది,
విజయవాడ