నాయన ఇంటికొచ్చాడు, ఇక చెల్లెమ్మ సంగతి

కావలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనా,

నాయన నిన్న ఇంటికొచ్చాడు. కాలి వాపు ఇంకా ఉంది గానీ, పొద్దున చేపల పులుసుతో నాలుగు ముద్దలు తిన్నాడు. ఫోన్లో నీకు సగమే చెప్పాను. మిగతాది రాస్తే గానీ నా మనసు కుదుటపడేట్టు లేదు.

ఆ రాత్రి మడికి నీళ్లు కట్టడానికి పోయి గట్టు మీద రక్తపింజరను తొక్కాడు. మంత్రం వేయిద్దామని ఊళ్లో ఒకరిద్దరు అన్నారు, నేను వినలేదు. కాలు కదలనీయకుండా ఆటోలో నెల్లూరు తీసుకుపోయాను. డాక్టరమ్మ కాస్త రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, కదిలించకుండా 20 నిమిషాలు నిలబెట్టింది. అంతసేపూ దాని వంకే చూస్తూ కూర్చున్నాను. తర్వాత వంచి చూపించింది. రక్తం నీళ్లలా జారిపోయింది. గడ్డకట్టే గుణాన్నే విషం తినేసిందిరా!

వెంటనే 10 సీసాల విషం విరుగుడు మందు సెలైన్లో కలిపి ఎక్కించారు. మధ్యలో ఒళ్లంతా దద్దుర్లొస్తే ఆపి, అడ్రినలిన్ ఇచ్చి, మళ్లీ మొదలుపెట్టారు. ఆరు గంటలకోసారి అదే గాజు గొట్టం. రెండో విడత కూడా ఎక్కాక, తెల్లారి గొట్టం తలకిందులు చేసినా రక్తం కదల్లేదు. అక్కడే ఏడ్చేశాను.

ఆ మందు గుర్రాల రక్తం నుంచి వస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషాన్నీ కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కిస్తే దాని ఒళ్లు యాంటీబాడీలు, అంటే ఆ విషాన్ని పట్టుకుని అడ్డుకునే ప్రొటీన్లు, తయారు చేస్తుంది. వాటి తోక భాగం తీసేసి, విషాన్ని పట్టుకునే భాగాన్ని మనకిస్తారు. ఒక ప్రాణి తయారుచేసుకున్న రక్షణను ఇంకొకరికి అరువియ్యొచ్చని 1890లోనే బేరింగ్, కిటసాటో అనే శాస్త్రవేత్తలు చూపించారు.

నిరుడు నీ డెంగీ రిపోర్టులో ఐజీఎమ్ పాజిటివ్ అని ఉంది, గుర్తుందా? అదీ ఒక రకం యాంటీబాడీయే, కొత్త జబ్బుకు ఒళ్లు ముందుగా పంపేది దాన్నే. అది అయిదు ముక్కలు కలిసిన గుత్తి, తల్లి కడుపులోని మాయ దాటి బిడ్డలోకి పోలేదు. ముర్రుపాలలో ఎక్కువగా ఉండేది ఐజీఏ అనే ఇంకో రకం. రొయ్యలు తింటే నాకొచ్చే దద్దుర్లు ఐజీఈ పని. మీ పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్‌కు ఎక్కించిన ట్రాస్టుజుమాబ్ కూడా యాంటీబాడీయే, ల్యాబులో తయారైంది.

నేను అసలు చెప్పాలనుకున్నది ఐజీజీ అనే రకం గురించి. మాయ దాటేది అదే. తల్లి రక్షణను బిడ్డకు మోసుకుపోయేదీ అదే. కానీ కడుపుతో ఉన్న నీ భార్య, మా చెల్లెమ్మది నెగెటివ్ రక్తం గ్రూపు, నీది పాజిటివ్. బిడ్డ పాజిటివ్ అయితే, కాన్పులో బిడ్డ రక్తం ఆమెలో కలిసి, ఆమె ఒళ్లు దాని మీద ఐజీజీ తయారు చేసుకోవచ్చు. ఈ బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. తర్వాతి బిడ్డ ఎర్రకణాలను మాత్రం ఆ ఐజీజీయే పగలగొడుతుంది. అది జరగకుండా వేసే యాంటీ-డి ఇంజెక్షన్ కూడా అరువు యాంటీబాడీయే. బిడ్డ కణాలను తల్లి ఒళ్లు గుర్తుపట్టేలోపే తుడిచేస్తుంది.

ఇప్పుడు ఏడో నెల గదా. 28 వారాలప్పుడు ఒకటి వేస్తారు, అంతకు ముందు ఆమె రక్తంలో అలాంటి యాంటీబాడీలు ఇప్పటికే ఉన్నాయేమో చూసే కూంబ్స్ పరీక్ష చేస్తారు. పుట్టిన బిడ్డ పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోపు ఇంకోటి. రేపే డాక్టర్‌ని అడుగు. మొదటి కాన్పేగా అని వదిలెయ్యొద్దు. సాయంత్రం ఫోన్ చెయ్యి, నాయన కూడా నీ గొంతు వినాలంటున్నాడు.

నీ
రమణ