ఏదో ఒక కిటికీ చాలదురా

నెల్లూరు

ఒరే పెంచలా,

ముక్తినాథ్ యాత్రకు డబ్బులు కట్టేశావని తెలిసి సంతోషమేసింది. చెన్నై నుంచి ఢిల్లీ, అక్కణ్నుంచి ఖాట్మండు అన్నావు, బాగుంది. కానీ "ఏదో ఒక కిటికీ సీటు చాలులే" అన్నావు చూడు, అక్కడే ఒళ్లు మండింది. కావలి నుంచి నెల్లూరు బస్సెక్కితేనే ఎండ ఏ పక్క పడుతుందో చూసుకుని కూర్చునే మనిషివి, ఇంత ఖర్చుపెట్టి ఎక్కే విమానంలో చూసుకోవా?

ఈ దారుల్లో తిరిగే విమానాల్లో ఎక్కువ వాటికి వరుసకు ఆరు సీట్లు. ఎడమ కిటికీ ఎ, కుడి కిటికీ ఎఫ్. ఖాట్మండు వెళ్లేటప్పుడు నీకు ఎ కావాలి. విమానం తూర్పుకు పోతుంది, హిమాలయాలు ఉత్తరాన, అంటే నీ ఎడమ చేతి వైపు. ఎఫ్‌లో కూర్చున్నావా, దారంతా మైదానం చూసుకోవాల్సిందే. ముందు ధవళగిరి వస్తుంది, 8,167 మీటర్లు. తర్వాత అన్నపూర్ణ, 8,091. మనం పూజలో పెట్టుకునే సాలగ్రామాలు దొరికే గండకి ఈ రెండు కొండల నడుమ లోయలోనే పారుతుంది. ముక్తినాథ్ అన్నపూర్ణకు అవతలి పక్క. చెల్లెమ్మకు ఇదంతా ముందే చెప్పి ఉంచు, లేకపోతే మబ్బులేలే అనుకుని కునుకు తీస్తుంది. మొదట అందరికీ అలాగే అనిపిస్తాయి. అంచు పదునుగా, ఎంతసేపు చూసినా ఆకారం మారకుండా ఉంటే కొండలే.

అక్టోబరు చివర పోవడం మంచిదైంది. వానలు వెలిసి ఆకాశం తేటగా ఉంటుంది. ఎండాకాలంలో అయితే దుమ్ము, పొగ అడ్డమొచ్చి ఎంత మంచి సీటైనా దండగే. పైగా సూర్యుడు దక్షిణం పక్క ఉంటాడు కాబట్టి ఎండ నీ కళ్లలో కొట్టదు, మంచు మీద పడుతుంది. కింద మబ్బు పరుచుకుని ఉంటే దాని మీద విమానం నీడ, చుట్టూ గుండ్రంగా రంగుల వలయం కనిపించవచ్చు. అది ఎప్పుడూ సూర్యుడికి ఎదురు పక్కే, అంటే అదీ నీ వైపే.

చెన్నై నుంచి ఢిల్లీకి మాత్రం ఎఫ్ తీసుకో. అందరూ ఫోన్లు చూసుకునే మొదటి పావుగంటే మనకు అసలు సినిమా. పులికాట్, సరస్సుకు అడ్డంగా సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వేసిన రోడ్డు, ఆ తర్వాత కృష్ణపట్నం పోర్టు, పెన్న సముద్రంలో కలిసే చోటు, అన్నీ కుడి పక్కే. విమానం దారి రోజూ ఒకేలా ఉండదనుకో, అయినా సముద్రం ఎటూ పోదుగా! పొద్దున ఫ్లైట్ అయితే ఎండ మొహం మీదే కొడుతుంది. కొట్టనీ. రొయ్యల చెరువులు అద్దం ముక్కల్లా తళతళలాడేది ఆ ఎండలోనే. సోమశిల జలాశయం చూడాలంటే ఎడమ పక్క కూర్చోవాలి, అది తిరుగు ప్రయాణంలో కుదురుతుందేమో చూడు, అప్పుడు మాత్రం కుడి పక్కకొస్తుంది.

ఇక వరుస. మధ్యలో, అంటే సుమారు 10 నుంచి 20 దాకా, రెక్క అడ్డమొస్తుంది. రెక్కకు బాగా వెనకైనా ఫర్వాలేదు గానీ ఇంజిన్ వేడిగాలికి దృశ్యం కాస్త అలికినట్టుంటుంది. నన్నడిగితే ముందు వరుసలే. వాటికి అదనంగా డబ్బులడుగుతారు, ఖాట్మండు టికెట్టుకు ఇచ్చెయ్, ఢిల్లీకి అక్కర్లేదు. ఇంకో తిరకాసుంది. కొన్ని విమానాల్లో పేరుకు కిటికీ సీటే, పక్కన మాత్రం ఉత్త గోడ ఉంటుంది. లోపల ఏసీ గొట్టాలు పోతాయని అక్కడ కిటికీ పెట్టరు. నెట్‌లో సీట్ల పటం చూసి మరీ ఖాయం చెయ్.

ఫోటోలు తీస్తావుగా, ముదురు రంగు చొక్కా వేసుకో. తెల్లచొక్కా అయితే కొండ మీద నీ బొజ్జే పడుతుంది. అద్దం కింద చిన్న బెజ్జం కనిపిస్తే టెన్షన్ పడకు, గాలి ఒత్తిడి సర్దడానికి, మంచు పట్టకుండా ఉండటానికి వాళ్లే పెట్టింది.

మీ ఇద్దరికీ చెరో పక్క కిటికీ తీసుకుంటానన్నావే, ఆ పని చెయ్యకు. ఒకరి వెనక ఒకరు, రెండూ ఎ. చెల్లెమ్మ ముందు, నువ్వు వెనక.

టూర్ వాళ్లు సీట్లు వాళ్లిష్టానికి వేసేస్తారు, రేపే ఫోన్ చేసి చెప్పు. నంబర్లు వచ్చాక నాకు పంపు, ఒకసారి చూస్తా. అమ్మకు నమస్కారాలు చెప్పు.

నీ
సుధాకర్